బ్యారన్ పుస్తకం

కొండపి,
ఫిబ్రవరి 11.

అమ్మా చిట్టీ,

ఆదివారం ఫోన్లో నువ్వు "నాయనా, కూర్చుంటే ఒక్క ముక్క రావడం లేదు. ఇక నా దగ్గర రాసేదేమీ మిగల్లేదేమో" అన్నావు. నాకు వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. ఈలోపు మీ అమ్మ ఫోన్ తీసుకుని తిన్నావా, నిద్రపోతున్నావా అని అడగడం మొదలుపెట్టింది. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. రెండు రాత్రులుగా పొగాకును మంట వేడితో ఆరబెట్టే మన బ్యారన్ కొట్టం దగ్గర కూర్చుని అదే ఆలోచిస్తున్నాను.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. ఒంగోలులో డిగ్రీ చదివే రోజుల్లో నేనూ కథలు రాశాను. మూడు. ఒకటి ఒక వారపత్రికకు పంపితే తిరుగు టపాలో వెనక్కి వచ్చింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఏమీ రాయలేదు. ప్రయత్నించలేదని కాదు. కలం పట్టిన ప్రతిసారీ మొదటి వాక్యమే గొప్పగా రావాలనుకునేవాణ్ణి. రాయడం, కొట్టేయడం, కాగితం ఉండచుట్టి పారేయడం. చివరికి తెల్లకాగితం చూస్తేనే టెన్షన్. పొలం పనులున్నాయి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నువ్వు ఫోన్లో చెబుతుంటే ఆ ఎనిమిదేళ్లూ కళ్లముందు తిరిగాయి. అందుకే నీ బాధ చిన్నదని నేను అనను.

నన్ను మళ్లీ రాయించింది బ్యారనే. 2003 పంట అది. ఆకు కర్రలకు కట్టి లోపలికి ఎక్కించాక ఐదారు రోజులు పగలూ రాత్రీ మంట కనిపెట్టుకుని ఉండాలని నీకు తెలుసు. గంటకోసారి టార్చి వేసి లోపలి వేడి ఎన్ని ఫారన్‌హీట్ డిగ్రీలుందో చూసి పుస్తకంలో రాసుకోవాలి. ఒక రాత్రి "1 గంట, 98" అని రాసి, దాని పక్కనే ఎందుకో "మంచు బాగా దిగింది. నల్లకుక్క పొయ్యి పక్కన ముడుచుకుని పడుకుంది" అని రాశాను. రెండు గంటలప్పుడు "99", పక్కన ఇంకో ముక్క: "గుడి వైపు ఎవరో దగ్గుతున్నారు. నిద్ర పట్టనివాళ్లు నేను కాక ఇంకొకరున్నారు." కథ రాద్దామని కూర్చోలేదమ్మా. డిగ్రీలు ఎటూ రాయాల్సిందే కాబట్టి పుస్తకం తెరిచి ఉంది, కలం చేతిలో ఉంది, అంతే. ఆ బ్యారన్ దించేసరికి నాలుగు పేజీలు నిండాయి. అప్పటి నుంచి పంట లేని నెలల్లో కూడా, పొద్దున పాలు పితికి వచ్చి కాఫీ తాగేలోపు పది వరుసలు రాస్తున్నాను. ఎవరికీ పంపలేదు. నీ టెన్త్ పుస్తకాల వెనక బీరువాలో అన్నీ ఉన్నాయి.

నువ్వు కూడా రాతను రోజూ తప్పకుండా చేసే పనేదైనా ఉంటే దానికి కట్టెయ్. స్నానం చేసి ఆఫీసుకు బయల్దేరే ముందు 20 నిమిషాలు చాలు. ఫోన్ ఇంకో గదిలో పెట్టు. బాగా రాయాలని షరతు పెట్టుకోకు, కూర్చోవాలని మాత్రమే పెట్టుకో. ఏమీ తోచకపోతే కిటికీలోంచి కనిపించేది రాయి. ఒకరోజు తప్పితే మర్నాడు రెండింతలు రాయాలని పట్టుపట్టకు. అప్పు పేరుకుపోయినట్టు అనిపించి పుస్తకం వైపే వెళ్లబుద్ధి కాదు.

రాస్తూ రాస్తూ దిద్దుకుంటున్నానన్నావు చూడు, నాకు దిగులు పుట్టించింది ఆ మాటే. ఆకు పసుపు తిరిగే దశలో తొందరపడి వేడి పెంచితే పచ్చ అలాగే పట్టుకుంటుంది. తర్వాత ఏం చేసినా ఆ పచ్చ పోదు. 2001లో నా తొందర వల్ల ఒక బ్యారన్ ఆకంతా అలా పాడైంది. గ్రేడింగ్ చేసేది ఆకు దించి, మెత్తబడ్డాక, పగటి వెలుతురులో. మంట మండుతుండగా తలుపు తీసి ఇది బ్రైట్, ఇది లోగ్రేడ్ అని ఎవరూ ఏరరు తల్లీ. వారమంతా రాయి, ఆదివారం దిద్దుకో. ఇంకోటి, లోపల ఉన్నదంతా ఒకేరోజు రాసేసి లేవకు. మనం కూడా అడుగునుంచి పండిన రెండు మూడాకులే కోసి, మిగిలినవి పండనిస్తాం. తర్వాతి వాక్యం ఏమిటో తెలిసి ఉండగానే ఆపితే మర్నాడు కూర్చోవడానికి భయం ఉండదు.

మొదలు దొరకక ఆగిపోయానన్నావు. మొదలే ముందు రాయాలని ఎక్కడుంది? నన్నయ భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయింది. 13వ శతాబ్దంలో మన నెల్లూరు తిక్కన ఆ మిగిలిన భాగం దగ్గర ఆగలేదు. దాన్ని అలాగే వదిలి, విరాటపర్వంతో మొదలుపెట్టి చివరిదాకా పదిహేను పర్వాలు రాశాడు. ఆ ఖాళీని 14వ శతాబ్దంలో, అద్దంకి ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్న ఎర్రన పూరించాడు. నన్నయ చివరి పద్యంలో శరత్కాలపు రాత్రులున్నాయి. ఎర్రన శరత్కాలపు ఉదయంతో అందుకున్నాడు. మధ్యలో దాదాపు మూడు వందల ఏళ్లు గడిచాయంటే చదివేవాడికి నమ్మబుద్ధి కాదు. ఆ రెండు పద్యాలూ పక్కపక్కన పెట్టుకుని చదివినప్పుడల్లా నాకు గుండె నిండిపోతుంది. నీ కథలోనూ ఒక ఖాళీ ఉంటే ఉండనివ్వు.

జేజి, అదే మీ నాయనమ్మ, కథ పుట్టుకతో మొదలుపెట్టాలా, పెళ్లితోనా అని నెలరోజులుగా తేలడం లేదన్నావు. రెండూ పక్కన పెట్టు. జేజి చేతులు నీకు గుర్తున్నాయా? ఆకు కట్టే రోజుల్లో పొగాకు జిగురు వేళ్లకు నల్లగా పట్టేది, సబ్బుతో ఎంత రుద్దినా పోయేది కాదు. అన్నం కలిపితే చేదు. అందుకని జనవరి నుంచి మార్చి దాకా చెంచాతో తినేది. నువ్వు ముద్ద పెట్టమని ఒళ్లోకి వెళితే "మీ అమ్మ దగ్గరికి పో" అని చేతులు వెనక్కి పెట్టుకునేది. నాలుగేళ్లదానివి, జేజికి నేనంటే ఇష్టం లేదని ఒక సాయంత్రం వెక్కివెక్కి ఏడ్చావు. ఆ రాత్రి నువ్వు నిద్రపోయాక జేజి పెరట్లో రాయి మీద చేతులు రుద్దుకుంటూ చాలాసేపు కూర్చుంది. నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను. అక్కడి నుంచి రాయి.

ఎల్లుండి బ్యారన్ దించుతాం. మన ఊరివాళ్లబ్బాయి శుక్రవారం హైదరాబాద్ వస్తున్నాడు. మీ అమ్మ గోంగూర పచ్చడి పంపుతోంది. సంచిలో అడుగున రెండు పొడుగు పుస్తకాలు పెట్టాను. ఒకటి 2003ది, జాగ్రత్తగా చూసుకో, అంచులు పెళుసెక్కాయి. రెండోది ఖాళీది.

మీ నాయన