ఎర్రనీళ్ల పళ్లెం

ఒంగోలు

చిన్నా,

నిన్న "రైల్వే ఉద్యోగం మెడికల్‌లో పోయింది అమ్మా" అని ఒక్క ముక్క చెప్పి ఫోన్ పెట్టేశావు. మళ్లీ చేస్తే ఎత్తలేదు, అందుకే రాస్తున్నా. రైలు నడిపేవాడికి ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియాల్సిందే, అందులో వాళ్ల తప్పేమీ లేదు. 1875లో స్వీడన్‌లో లాగర్‌లుండ దగ్గర రెండు రైళ్లు గుద్దుకున్నాయి. సిగ్నల్ రంగు పోల్చుకోలేకపోవడమే కారణమై ఉంటుందని హోల్మ్‌గ్రెన్ అనే ఆయన పట్టుబట్టాడు. రంగురంగుల ఉన్నిదారాలు ముందు పోసి ఏరించే పరీక్ష పెట్టించాడు. నీకు చూపించిన చుక్కల అంకెలు ఆ తర్వాతవి, జపాన్ డాక్టర్ ఇషిహారా 1917లో తెచ్చినవి.

నాకు నిద్ర పట్టనిది వేరే సంగతి. ఇరవై రెండేళ్లుగా వర్ణాంధత్వం పాఠం చెబుతున్నదాన్ని. బోర్డు మీద ఎక్స్, వై క్రోమోజోములు గీసి, తల్లి నుంచి కొడుక్కి ఎలా వస్తుందో బాణాలు వేసి మరీ చెప్పేదాన్ని. ఇంట్లో నిన్ను చూసుకోలేదు.

మూడో తరగతి సెలవుల్లో తాతయ్య మిరపచేలో పండుకాయలు కోయమంటే, గంపలో సగం పచ్చికాయలే వేశావు, గుర్తుందా? "కళ్లు నెత్తికెక్కాయా అబ్బయా" అని అమ్మమ్మ కసిరింది. ధ్యాస లేదని నేనూ రెండు అంటించా. తాతయ్య మాత్రం ఏమీ అనలేదు. నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కాయను రెండు వేళ్ల మధ్య నొక్కి చూపించాడు. పండి కాస్త వడిలిన కాయ మెత్తగా తగులుతుంది, పచ్చిది బిర్రుగా ఉంటుంది. అదేదో రైతు అనుభవం అనుకున్నాం. ఆయనకీ కనిపించేది కాదేమోనని రాత్రి తట్టింది. నాకు రెండు ఎక్స్‌లు కాబట్టి ఒకటి పాడైనా పని జరిగిపోయింది. నీకున్నది ఒక్కటే, అదీ నేనిచ్చిందే.

అసలు ఎరుపు మిరపకాయలో ఉండదురా. అది పొడవైన తరంగాల కాంతిని, అంటే 620 నానోమీటర్లు దాటినదాన్ని, ఎక్కువగా వెనక్కి పంపుతుంది, అంతే. కంట్లో మూడు రకాల శంకు కణాలుంటాయి కదా, వాటిలో రెండింటి లెక్కకు మధ్య తేడా చూసి మెదడు 'ఎరుపు' అంటుంది. నీ కంట్లో ఆ తేడా సరిగ్గా పలకదు. మన ఒంగోలు గిత్తలకైతే ఉన్నవే రెండు రకాలు. ఎర్రగుడ్డ చూస్తే ఎద్దు రెచ్చిపోతుందన్నది ఉత్తమాట, అది చూసేది గుడ్డ ఊగడాన్ని. ఎద్దుతో పోల్చానని కోప్పడకు, మీ నాన్న ఎప్పటినుంచో పోలుస్తూనే ఉన్నాడు.

పరమాణు సిద్ధాంతం చెప్పిన డాల్టన్‌దీ ఇదే కథ. తన చూపు గురించి 1794లో తనే చెప్పుకున్నాడు. కంట్లో ద్రవం నీలంగా ఉండి ఎరుపును మింగేస్తోందనుకుని, చచ్చాక కన్ను కోసి చూడమన్నాడు. చూస్తే ద్రవం తేటగానే ఉంది. దాచిన ఆ కంటి ముక్కను 1995లో పరీక్షిస్తేగానీ జన్యువులో లోపమని తేలలేదు.

ఎరుపుకు మనవాళ్లు ఇచ్చిన విలువే నిన్ను బాధపెడుతోందేమో. కుంకుమ, పారాణి, పెళ్లికూతురి చీర. మళ్లీ అదే రంగు ఆగమనే జెండాకీ, నేను తప్పులు కొట్టే ఇంకుకీ. ఎర్ర దుస్తులేసుకున్న బాక్సర్లూ కుస్తీవాళ్లూ 2004 ఒలింపిక్స్‌లో కాస్త ఎక్కువ గెలిచారని ఓ పరిశోధన ఉంది. నాకంత నమ్మకం కుదరలేదు.

నీ పది రిజల్ట్స్ వచ్చిన రోజు గుమ్మంలో దిష్టి తీశాను. పళ్లెంలో నీళ్లు పోసి, పసుపు కలిపి, చిటికెడు సున్నం వేశా. పసుపులోని కర్క్యుమిన్‌కి సున్నం తగలగానే నీళ్లు ఎర్రబడ్డాయి. నువ్వు వంగి చూసి "బురదనీళ్లేంటమ్మా" అన్నావు. పొగరనుకుని మొట్టికాయ వేశా.

ఆదివారం రా. పండుమిరపకాయ పచ్చడీ గోంగూరా సీసాలకెత్తి, మూతల మీద పేర్లు రాశా. గుమ్మంలో మళ్లీ ఎర్రనీళ్లు తిప్పుతా. పళ్లెంలో నీకేం కనిపిస్తుందో చెప్పు, ఈసారి వింటా.

మీ అమ్మ