బ్యాంకాక్‌లో ఉన్న శైలూకి

కాకినాడ

చిరంజీవి శైలజకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. అమ్మకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది. పెరట్లో సపోటా విరగకాసింది, కోయించి నాగమణి పిన్ని ఇంటికి కూడా పంపాము. నువ్వు మంగళవారం రాత్రి పంపిన ఉత్తరం అమ్మ నాచేత పదేపదే చదివించుకుంది. ఈ రోజు శనివారం. ఊళ్లు తిరిగేవాళ్లకు తీరిక దొరకదని తెలుసు, అందుకే కబురు ఎందుకు లేదని అడగడం లేదు.

ఒక్క రోజులో ఎంత చూశావమ్మా! పొద్దున్నే వాట్ ఫో గుడిలో 46 మీటర్ల శయన బుద్ధుడు, ఆయన పాదాలకు ముత్యపు చిప్పతో పొదిగిన 108 మంగళ చిహ్నాలు. గోడ వెంట వరసగా ఉన్న కంచు పాత్రల్లో ఒక్కొక్క నాణెం వేస్తూ నడిచావు కదా, ఆ చప్పుడు రికార్డు చేసి పంపడం బాగుంది. అమ్మ దేవుడి గదిలో కూర్చుని విన్నది. ఆ తరువాత సేన్ సేప్ కాలువ మీద పడవ ప్రయాణం. నీళ్లు మీద పడకుండా ప్రయాణికులే తాడు లాగి పట్టా పైకెత్తుకుంటారనీ, టికెట్లు కొట్టే అమ్మాయి హెల్మెట్ పెట్టుకుని పడవ అంచు మీద నడుస్తుందనీ రాశావు. నువ్వు మాత్రం అంచున కూర్చోకు. నీకు ఈత రాదు.

ఆ కాలువకు ఒక పక్క సియాం దగ్గరి అద్దాల దుకాణాలు, ఒక పక్క బాన్ క్రువా ఇరుకు సందుల్లో రేకుల ఇళ్లు, చామ్ ముస్లింల పట్టు మగ్గాలు. ‘ఒకే ఊళ్లో రెండు లోకాలు’ అన్నావు. నాకు అలా అనిపించలేదు. ఆ సందుల్లో నేసిన పట్టే కదా అమెరికా వ్యాపారి జిమ్ థాంప్సన్ చేతి మీదుగా ప్రపంచమంతా తిరిగింది! ఉప్పాడలో ఆ ఇంట్లో నీకు చూపించాను, జాందానీ పువ్వు ఒక్కటి పడడానికి మనిషి ఎంతసేపు వంగి కూర్చుంటాడో. నేసేవాళ్ల ఇల్లు, అమ్మేవాళ్ల మేడ ఎక్కడైనా ఎదురెదురుగానే ఉంటాయి. నువ్వు మేడను ఫోటో తీసి ఊరుకోకుండా మగ్గం దగ్గర ఆగి మాట్లాడావు. అది నాకు సంతోషం.

ఆ థాంప్సన్ సంగతి కూడా చదివాను. 1967లో మలేషియాలో కామెరాన్ కొండలకు వెళ్లి, ఈస్టర్ ఆదివారం మధ్యాహ్నం ఒంటరిగా నడకకు బయలుదేరి మళ్లీ కనిపించలేదు. అడవంతా గాలించినా ఆనవాలు దొరకలేదు. అంత పలుకుబడి ఉన్న మనిషి గతే అలా అయింది.

నీ ఉత్తరం చివర ఒక ముక్క రాసి వదిలేశావు. పడవ రేవులో పరిచయమైన ఆయనెవరో, సరిహద్దు దగ్గర ఊళ్లో కంప్యూటర్ పని ఉంది, జీతం బాగా ఇస్తారు అన్నాడని. ఆయన మంచివాడే కావచ్చు. కానీ 2025 మార్చిలో మన ప్రభుత్వం వాయుసేన విమానాల్లో 500 మందికి పైగా మన వాళ్లను వెనక్కి తెచ్చింది, వారిలో తెలుగు పిల్లలూ ఉన్నారు. థాయ్‌లాండ్‌లో ఉద్యోగమని నమ్మించి, మే సోట్ దగ్గర నది దాటించి బర్మాలోని మ్యావడీలో పెట్టి, ఫోన్లలో జనాన్ని మోసం చేసే పని చేయించారు. నాగమణి పిన్ని ఈ మాటే అమ్మ చెవిన వేసి వెళ్లింది. అప్పటి నుంచి అమ్మ అన్నం సరిగా తినడం లేదు.

రంగూన్ తాతయ్య కథ నీకు తెలుసు, మేస్త్రీ సంగతి మాత్రం చెప్పినట్టు లేదు. ఆయన తనంతట తాను వెళ్లలేదు. కూలీలను పోగుచేసే మేస్త్రీ ఇంటికి వచ్చి, తాతమ్మ చేతిలో బయానా డబ్బు పెట్టి, రేవులో తేలిక పని అని చెప్పి ఓడ ఎక్కించాడు. అక్కడికి చేరాక ఓడ ఖర్చు, తిండి ఖర్చు అన్నీ అప్పు కింద రాశారు. ఏళ్ల తరబడి మూటలు మోసినా ఆ అప్పు తీరలేదు. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాయి, ఉత్తరాలు ఆగిపోయాయి. 1942 ఏప్రిల్ 6న మన కాకినాడ రేవు మీదా పడ్డాయి. ఊరు ఖాళీ అయిపోతున్నా తాతమ్మ కదలలేదు, కొడుకు వస్తే ఇల్లు తాళం వేసి ఉండకూడదని. ఆయన అరకాన్ కొండల మీదుగా కాలినడకన చిట్టగాంగ్ చేరి, అక్కడి నుంచి కలకత్తా వచ్చి, ఎండాకాలం చివర గుమ్మంలో నిలబడ్డాడు. గడ్డం, చింపిరి జుట్టు, కాళ్లకు గోనెగుడ్డలు. తాతమ్మ లోపలి నుంచే చూసి, ‘చెయ్యి ఖాళీ లేదు, పై ఇంటికి వెళ్లు నాయనా’ అంది. ఆయన గొంతు పెగలక అక్కడే కూలబడ్డాడు. బతికినన్నాళ్లూ ఆ మాట తలుచుకుని ఆవిడ ఏడుస్తూనే ఉండేది.

ఆయనకు ఫోను లేదు. నీ చేతిలో ఉంది.

నీకు నీతులు చెప్పడానికి రాయడం లేదు. కానీ పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకు, కాసేపు చూసి ఇస్తామన్నా సరే. రాజభవనం ఈ రోజు మూసేశారు, వేరే చోటికి తీసుకెళ్తానని ఎవరైనా ఆటో ఎక్కమంటే ఎక్కకు, ద్వారం దాకా నువ్వే నడిచి చూసుకో. 1997లో సగంలో ఆగిపోయిన ఆ 49 అంతస్తుల మేడ నది మీది నుంచి చూశావు కదా, అది చాలు, లోపలికి వెళ్లే ఆలోచన పెట్టుకోకు. యావరాట్ వీధిలో రాత్రి తిండి తిను, వద్దనను, పొయ్యి మీద నుంచి దించినదే తిను. మామిడిపండు అన్నం బాగుందన్నావు, కొబ్బరిపాలు నీకు పడవని మర్చిపోయావా?

సిలోం వీధిలో మారియమ్మ గుడికి మళ్లీ వెళ్తే అమ్మ పేరున ఒక మల్లెపూల దండ ఇవ్వు. పట్టు చీర వద్దని అమ్మ పైకి అంటోంది. ముదురు ఆకుపచ్చ దొరికితే చూడు.

ఇది అందగానే ఫోను చెయ్యి. మీకూ మాకూ గంటన్నరే తేడా, ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాము. బస చేసిన చోటు చిరునామా, ఆ రేవు ఆయన పేరు, నంబరు రాసి పంపు. ఆయనతో మాట్లాడకని అనడం లేదు. నాకు పంపాక మాట్లాడు.

నాన్న

మరొక మాట: అజీర్తి మాత్రలు నీలం సంచి పక్క అరలో పెట్టాను. అలర్జీ మాత్ర తెల్ల కవరులో ఉంది, రాత్రి పూటే వేసుకో.