కలెక్టర్ గారూ, పట్టుకెళ్లిన నీళ్ల సంగతి ఏమైంది?

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. మాది ఉద్దానంలో, సముద్రానికి దగ్గరలో ఉన్న ఒక చిన్న పంచాయతీ. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే రేపొద్దున్నే మా సెక్రటరీ గారికి ఫోన్ వస్తుంది, ఇందులో ఆయన తప్పు పెద్దగా లేదు. నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. మా నాన్నకు వారానికి రెండుసార్లు డయాలసిస్. ఈ లేఖలో ఉన్నవి చాలావరకు మీరు జిల్లాకు రాకముందు సంగతులే, కాబట్టి కోపంగా చదవొద్దు.

నేను హైస్కూల్లో ఉన్నప్పటి నుంచి చూస్తున్నాను. మా ఉద్దానం కిడ్నీ జబ్బు మీద అధ్యయనానికని మా వీధిలోకి జీపు వస్తుంది. అరుగు మీద కూర్చోబెట్టి నాన్న రక్తం తీసుకుంటారు. పెరట్లో బోరు కొట్టి సీసాలో నీళ్లు పట్టి, దాని మీద కాగితం అంటించి ఏదో నంబరు రాసుకుంటారు. ఒకసారి ఒకాయన బావిగట్టు దగ్గర మట్టి కూడా తవ్వి కవర్లో వేసుకున్నాడు. మా మామ్మ ఆయనకి కొబ్బరిబొండాం కొట్టి ఇచ్చింది. ఏడాది తర్వాత ఆవిడే నన్ను అడిగింది: "నీళ్లు పట్టుకెళ్లినోళ్లు మరి రానేదేటే పిల్లా?"

ఆ ప్రశ్నే మీ ముందు పెడుతున్నాను.

ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇన్ని అధ్యయనాల తర్వాత కూడా ఇదే కారణమని తేలలేదు. అది సైన్సు పని, టైము పడుతుంది, అర్థం చేసుకోగలం. కానీ మా బోరులో ఫ్లోరైడ్ ఎంత, నైట్రేట్ ఎంత అన్నది తేలని విషయం కాదు కదా. సీసా మీద నంబరు వేసిన వాళ్లు ఆ నంబరుకి ఎదురుగా వచ్చిన అంకెలు ఎక్కడో రాసే ఉంటారు. ఆ కాగితం మా ఇంటికి రాలేదు.

2023 డిసెంబరులో హిరమండలం నుంచి నీళ్లు తెచ్చే పథకం, పలాసలో కిడ్నీ ఆసుపత్రి మొదలయ్యాయి. మంచి పనులు, కాదనను. కొళాయి రాని పూట మాత్రం మళ్లీ బోరే.

ఇంటింటికీ కొళాయి నీళ్లివ్వాలని 2019లో మొదలైన జలజీవన్ మిషన్ నిబంధనల్లో ఒక మంచి మాట ఉంది. ఊరి నీళ్లను ఊరివాళ్లే పరీక్షించుకోవాలని, అందుకు ప్రతి ఊళ్లో ఐదుగురికి, అదీ ఆడవాళ్లకి, శిక్షణ ఇవ్వాలని. మా ఊళ్లో ఆ ఐదుగురిలో నేనొకదాన్ని. ఒక్కపూట ట్రైనింగ్, టీ, సమోసా, గ్రూప్ ఫోటో, చేతిలో ఒక కిట్టు పెట్టె. పెట్టెలో చిన్న చిన్న సీసాలు, గాజు గొట్టాలు, ఒక రంగుల కార్డు. నీళ్లలో మందు చుక్కలు లెక్కపెట్టి వేయాలి, కాసేపు ఆగాలి, వచ్చిన రంగుని కార్డు మీద రంగుతో పోల్చాలి. ఎండలో చూస్తే ఒకలా, నీడలో చూస్తే ఒకలా కనిపిస్తుంది. ఈ కిట్టు కిడ్నీ జబ్బుకి కారణం చెప్పదు, ఆ సంగతి నాకు తెలుసు. ఏ బోరు నీళ్లు తాగడానికి పనికొస్తాయో, ఏ బోరు నీళ్లు గేదెలకి వదిలేయాలో మాత్రం చాలావరకు చెబుతుంది.

మేం ఊరంతా తిరిగాం. ఇంటర్ చదివే ఇద్దరు కుర్రాళ్లు మా వెంటపడి వచ్చి, ఏ వీధిలో ఏ బోరు ఉందో చార్టు మీద మ్యాపు గీశారు. బాగున్నవాటికి పచ్చ రంగు, లేనివాటికి ఎరుపు. నోటుబుక్కులో రాసిన లెక్కలన్నీ ఫోన్లో ఎక్కించాం, కాపీలు పై ఆఫీసుకి ఇచ్చాం. ఏమీ రాలేదు. ఎరుపు బోరుకి తాళం వేయమనో, ల్యాబులో మళ్లీ చూస్తామనో ఒక్క ముక్క రాసి పంపినా సరిపోయేది. ఈలోగా సీసాల్లో మందు గడువు దాటిపోయింది. కొత్తవి అడిగితే ఇండెంట్ పెట్టామన్నారు. పెట్టె ఇప్పుడు బీరువాలో ఉంది, దాని మీద పాత క్యాలెండర్లు ఉన్నాయి.

ఆ మ్యాపుని గ్రామసభలో పెట్టించాలనుకున్నాం. గ్రామసభ అంటే ఓటర్ల సభ. మ్యాపు గీసిన వాళ్లకి పద్దెనిమిది నిండలేదు!

2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా ఒకే రోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టారు. మా ఊళ్లో కూడా బాగా జరిగింది. జనం వచ్చారు, ఎప్పుడూ నోరు విప్పని ఆడవాళ్లు కూడా కాలవ గురించి, కరెంటు స్తంభం గురించి మాట్లాడారు. ఆ తర్వాత సభ ఒకటి ఉదయం పదింటికి పెట్టారు. ఆ టైముకి సగం ఊరు ఉపాధి పనిలో మట్టి మోస్తోంది, మిగతా ఆడవాళ్లు జీడిపిక్కల పనికి పలాస వెళ్లిపోయారు. చాటింపు లేదు, ముందురోజు రాత్రి వాట్సాప్‌లో ఒక మెసేజ్. సంతకాల పుస్తకం మాత్రం సాయంత్రం మా ఇంటికే వచ్చింది.

మీటింగుల్లో పెద్దలు "యువత ముందుకు రావాలి" అంటుంటారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా నెత్తిన పడ్డప్పుడు ముందుకొచ్చింది ఎవరండీ? కూలిన కొబ్బరిచెట్లని రంపాలతో కోసి గోర్జిలో దారి తీసింది మా కుర్రాళ్లే. కరెంటు లేక ట్యాంకు ఎండిపోతే చందాలేసి జనరేటర్ తెచ్చి నీళ్లు ఎక్కించింది వాళ్లే. వాళ్లకి ఎవరూ అవగాహన సదస్సు పెట్టలేదు. ఆ తర్వాత కూలిన చెట్ల లెక్క రాసుకోవడానికి మనుషులొచ్చారు. ఎవరి పేరున ఎన్ని చెట్లు రాశారో జాబితా గోడకి అంటించమని కుర్రాళ్లు అడిగితే అదొక గొడవైంది. రంపం పట్టిన ఆ చేతుల్లో సగం ఇప్పుడు చెన్నైలో, హైదరాబాద్‌లో, అండమాన్‌లో ఉన్నాయి.

పక్కనే సోంపేట బీల, అంటే అక్కడి చిత్తడి నేలల సంగతి మీకు తెలిసే ఉంటుంది. నీళ్లు నిలిచే తంపర భూములని అక్కడి రైతులు, మత్స్యకారులు మొత్తుకున్నా వినకుండా థర్మల్ ప్లాంటుకి సిద్ధమయ్యారు. 2010 జూలై 14న కాల్పుల దాకా వెళ్లింది, ప్రాణాలు పోయాయి. ఆ నెలలోనే పర్యావరణ అనుమతి రద్దయింది. ఊరివాళ్లకి తెలిసిన ముక్క ఫైల్లోకి ఎక్కడానికి అంత కావాల్సి వచ్చింది.

అందుకని నేను అడిగేది కొత్త పథకం కాదు. మా ఊరి నుంచి నీళ్లు గానీ, రక్తం గానీ, చెట్ల లెక్క గానీ ఎవరు తీసుకెళ్లినా, ఫలితం తెలుగులో మా సచివాలయం గోడ మీద పడాలని ఒక ఆర్డరు వేయండి. రోగుల పేర్లు వద్దు, బోరు నంబర్లు చాలు. సభ సాయంత్రం ఆరు తర్వాత పెట్టించండి, వారం ముందు చాటింపు వేయించండి. సభ మొదలవగానే పోయినసారి తీర్మానాలు చదివి ఏది అయింది, ఏది కాలేదు, ఎందుకు కాలేదు చెప్పాలి. ఈ ఒక్క అలవాటు వస్తే జనం వాళ్లంతట వాళ్లే వస్తారు. ఇంటర్ పిల్లలకి ఓటు లేకపోయినా మ్యాపు చూపించడానికి ఐదు నిమిషాలు ఇవ్వొచ్చు, దానికి చట్టం అడ్డుపడదు. మొక్కలు నాటే ఫోటోలకి పిలవడం మాత్రం కాస్త తగ్గించండి. పోయినేడు నాటినవాటికి నీళ్లు పోసేవాళ్లు లేరు.

కిట్టులోకి కొత్త సీసాలు కూడా పంపించండి. రేటు ఎంతో చెబితే మేమే చందాలేసుకుంటాం, జనరేటర్‌కి వేసుకున్నట్టే.

నోటుబుక్ నా దగ్గరే ఉంది, మ్యాపు చుట్టచుట్టి అటక మీద పెట్టాను. నాన్నకి డయాలసిస్ మంగళవారం, శుక్రవారం. మిగతా ఏ రోజు రమ్మన్నా రెండూ పట్టుకుని వస్తాను.

ఇట్లు,
నీళ్లు పరీక్షించే ఐదుగురిలో ఒకతె,
ఉద్దానం