మా కవరు మీద ఉన్న తప్పు గురించి

అందరికీ నమస్కారం. కొత్త స్టాకు వచ్చిందనో పండగ ఆఫరనో చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. మా కాఫీ పొడి కవరు మీద మొదటి రోజు నుంచీ ఒక తప్పు అచ్చేస్తున్నాను. అది ఒప్పుకోవాలి. ధర సంగతి కూడా ఉంది, అది చివర్లో చెప్తాను.

ఇంట్లో కవరు ఉంటే ఒకసారి వెనక్కి తిప్పండి. రైలు బొమ్మ కింద ఆకుపచ్చ అక్షరాల్లో "దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్ శిమిలిగుడ నుంచి మీ ఇంటికి" అని ఉంటుంది. 2019లో కవర్లు అచ్చేయించేటప్పుడు డిజైన్ చేసిన కుర్రాడు "ఏదైనా గొప్ప మాట ఒకటి ఉండాలి మేడమ్" అంటే, చిన్నప్పటి నుంచి వింటున్న మాట కదా అని చెప్పేశాను. వాడు వేసేశాడు.

పోయిన నెల కశ్మీరులో డ్యూటీ చేస్తున్న ఒక జవాను నుంచి మెసేజ్ వచ్చింది. శ్రీకాకుళం వైపు అబ్బాయి, మూడేళ్లుగా మా పొడి తెప్పించుకుంటున్నాడు. "అక్కా, కాఫీ అందింది, బాగుంది. కానీ నీ కవరు చూసి ఇక్కడ అందరూ నవ్వుతున్నారు" అని రాసి, ఖాజీగుండ్ స్టేషన్ ఫొటో ఒకటి పెట్టాడు. ఆ స్టేషన్ సముద్రమట్టానికి 1,700 మీటర్ల పైన ఉంది. అరకు దగ్గరున్న మన శిమిలిగుడ 996.32 మీటర్లు. పాయింటు తర్వాత అంకెలు కూడా నాకు కంఠతా వచ్చు, కానీ ఇక్కడ పాయింటు వల్ల ఏం లాభం.

ఆ రాత్రి కూర్చుని తెలుసుకున్నాను. 2008 అక్టోబరులో కశ్మీరు లోయలో మొదటి రైలు నడిచింది. ఏడాది తిరిగేసరికి అది ఖాజీగుండ్ దాకా వచ్చింది. అదంతా బ్రాడ్‌గేజే, అంటే వెడల్పాటి పెద్ద పట్టాల లైనే. శ్రీనగర్ ఊరే దాదాపు 1,600 మీటర్ల ఎత్తున ఉంటే ఇంక పోటీ ఎక్కడ? మొండిగా వాదించాలంటే "అది మిగతా దేశంతో కలవని ముక్క లైను కదా" అనొచ్చు. నేనూ ఒక రోజంతా ఆ మాట పట్టుకునే వేలాడాను. 2025 జూన్‌లో చీనాబ్ వంతెన మీదుగా కత్రా నుంచి శ్రీనగర్‌కు రైలు వెళ్లిపోయింది. ఆ సాకూ పోయింది.

అంటే నేను కవర్లు వేయించే నాటికే ఆ మాటకు కాలం చెల్లి పదేళ్లు దాటింది. నాన్నకి చెప్తే, "2008లోనే పోయింది కదమ్మా ఆ పేరు" అన్నాడు. మరి నాకెందుకు చెప్పలేదు అంటే, "నువ్వు అడిగేవా?" అన్నాడు. శిమిలిగుడ మీదుగా వెళ్లే లైను మీద ముప్పై ఏళ్లకు పైగా కీమ్యాన్‌గా, అంటే పట్టాల బిగింపులు చూసే పని, చేసి రిటైరైన మనిషి ఇంట్లోనే ఉన్నాడు. నేను మాత్రం డిజైన్ కుర్రాడితో మాట్లాడి కవరు వేయించుకున్నాను.

పూర్తిగా చెప్పాలంటే ఆ మాటలో "బ్రాడ్‌గేజ్" అన్నది లేకపోతే శిమిలిగుడకి ఆ పేరు ఏనాడూ లేదు. డార్జిలింగ్ చిన్న రైలు వెళ్లే ఘూమ్ స్టేషన్ 2,258 మీటర్ల ఎత్తున ఉంది. ఊటీ, సిమ్లా కూడా మనకు రెట్టింపు ఎత్తే. అవన్నీ సన్న పట్టాల నేరో గేజో మీటర్ గేజో. పెద్ద పట్టాల మీద పెద్ద బండి ఎక్కగలిగిన ఎత్తుల్లో శిమిలిగుడ మొదటిదిగా ఉండేది. నా దృష్టిలో అసలు గొప్ప అక్కడే ఉంది, ఎందుకంటే ఈ కొండ ఎక్కింది విహారయాత్రల బండి కాదు. ఇనుప ఖనిజం మోసే గూడ్సు.

మీలో చాలామంది అరకు వచ్చి, అద్దాల పెట్టెలో కూర్చుని, సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలతో కలిసి కేకలు పెట్టి వెళ్లుంటారు. ఆ అద్దాల పెట్టె, అదే విస్టాడోమ్, వచ్చింది 2017లో. లైను వేసింది మాత్రం మీకోసమూ కాదు, మాకోసమూ కాదు. 1960లో జపాన్‌తో ఒప్పందం కుదిరింది. బస్తర్ అడవుల్లో బైలడిల్లా కొండల ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చి అక్కణ్ణించి ఓడల్లో జపాన్ పంపాలి. మధ్యలో తూర్పు కనుమలు అడ్డం. దండకారణ్య, బొలంగీర్, కిరిబురు అని మూడు పేర్లు కలిపి డీబీకే ప్రాజెక్టు అన్నారు. అందులో మన ముక్క కొత్తవలస నుంచి కిరండూల్ దాకా, దాదాపు 445 కిలోమీటర్లు. 1960ల రెండో సగానికి లైను పూర్తయింది. సొరంగాలే 58. అందుకే మా వైపు పాతవాళ్లు ఇప్పటికీ దీన్ని కేకే లైను అనో డీబీకే అనో అంటారు తప్ప అరకు లైను అనరు.

ఘాట్ వాలు లెక్క నాన్న నాకు స్కూలు పలక మీద గీసి చెప్పాడు. అరవై మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు ఎక్కాలి. కాగితం మీద ఏమీ అనిపించదు, రైలుకి మాత్రం అది నిటారు మెట్లే. ఈ కొండ చేసిన మేలు ఒకటుంది. లోడు బండి కిందికి దిగుతుంది, ఖాళీ బండి పైకి ఎక్కుతుంది. తిరగబడి ఉంటే ఈ లైను గతి ఏమయ్యేదో.

నేను పెరిగింది బొర్రా దగ్గర రైల్వే క్వార్టర్స్‌లో. రాత్రిపూట లోడు బండి దిగుతుంటే ముందు వాసన వచ్చేది, ఆ తర్వాతే చప్పుడు. బ్రేకులు రాసుకుని కాలిన ఇనుము వాసన. అమ్మ ఆరేసిన తెల్ల పంచెల మీద ఎర్రటి సన్న దుమ్ము ఉండేది, ఎన్ని ఉతుకులు ఉతికినా లేత గులాబీ రంగు మిగిలిపోయేది. వానాకాలం వస్తే నాన్నకి రాత్రి గస్తీ. లాంతరు, ఎర్రజెండా పట్టుకుని పట్టాల వెంట నడిచి, కొండచరియ జారిందేమో, బండరాయి దొర్లిందేమో చూసి రావాలి. తెల్లారి ఇంటికొచ్చి బూట్లు విప్పి గుమ్మం దగ్గర బోర్లిస్తే ఒక్కోదాంట్లోంచి గ్లాసుడు నీళ్లు కారేవి. జలగలుంటే ఉప్పు వేసేది అమ్మ. 2014లో హుద్‌హుద్ వచ్చి కొండలు కరిగి పట్టాల మీద పడ్డప్పుడు, ఆయనకి ఇంటి కప్పు సంగతి ఆ తర్వాతే గుర్తొచ్చింది.

శిమిలిగుడలో అసలు స్టేషన్ ఎందుకుంది అని ఎప్పుడైనా ఆలోచించారా? చుట్టూ చిన్న చిన్న గూడేలు. శుక్రవారం అరకు సంతకి పసుపు, చింతపండు గంపలతో ఎక్కే ఆడవాళ్లు తప్పితే టికెట్టు కొనేవాళ్లు తక్కువ. మొన్నమొన్నటి దాకా అంతా ఒంటి లైను. ఎక్కే బండికి, దిగే బండికి ఎదురు పడకుండా దారి ఇచ్చే చోటు ఘాట్‌లో అక్కడక్కడా ఉండాలి. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, అన్నీ ముందుగా బండ్లు తప్పుకోవడానికి వెలిసిన స్టేషన్లే. మనుషులు ఎక్కడం ఆ తర్వాత. శిమిలిగుడ దగ్గర ఎక్కుడు అయిపోతుంది, అక్కణ్ణించి అరకు వైపు దిగుడే. ఇప్పుడు కొత్తవలస నుంచి కోరాపుట్ దాకా 189 కిలోమీటర్ల రెండో లైను పని జరుగుతోంది. అది మొత్తం పూర్తయితే ఎదురుబండి కోసం గంటలు గంటలు ఆగే అవసరం పోతుంది. బండి ఆగకపోతే స్టేషన్‌లో దిగి ఫొటో తీసుకునే పనీ ఉండదు. నాకు సంతోషమో బాధో ఇంకా తేలలేదు.

తప్పు ఒప్పుకోవడం మొదలుపెట్టాను కాబట్టి ఇంకో రెండు కూడా.

ఆ కవరు మీద రైలు బొమ్మ ఉంది కదా. మా పొడి ఏనాడూ రైలెక్కలేదు. కిరండూల్ ప్యాసింజర్ శిమిలిగుడలో నిలబడేది కాసేపే, ఆ కాసేపట్లో నలభై కిలోల అట్టపెట్టెలు ఎక్కించడం నావల్ల కాదు. పెట్టెలన్నీ ఆర్టీసీ బస్సు మీద ఘాట్ రోడ్డు దిగి శృంగవరపుకోట వెళ్తాయి, అక్కణ్ణించి మీకు పార్సిల్. మేం గింజలు వేపే షెడ్డు కూడా స్టేషన్‌లో లేదు, రెండు కిలోమీటర్ల అవతల ఉంది. గింజలు అనంతగిరి, అరకు వైపు ఏడు ఊళ్ల రైతుల దగ్గరివి. సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల కింద పండిన అరబికా రకం కాఫీ. 2019లో అరకు అరబికాకి ఆ ప్రాంతపు సరుకే అని చెప్పే జీఐ గుర్తింపు వచ్చింది కూడా. అది నిజం, దాని మీద ఎవరూ నవ్వరు. నేను మాత్రం ఆ నిజాన్ని కవరు అడుగున సన్నక్షరాల్లో వేసి, తప్పుని పైన పెద్దక్షరాల్లో వేశాను.

రెండోది, ఆషాఢంలో ఆర్డరిచ్చిన దాదాపు ముప్పైమందికి పార్సిల్ ఇరవై రోజులు ఆలస్యమైంది. "వానల వల్ల" అని అందరికీ ఒకే మెసేజ్ పెట్టాను. వానలు నిజమే, కారణం మాత్రం అది కాదు. పొడి నింపడానికి ఖాళీ కవర్లు నాకు చేరలేదు. నేను తెప్పించిన ఖాళీ కవర్ల మూటని కొరియర్ వాళ్లు ఒడిశా కోరాపుట్ జిల్లాలోని సెమిలిగూడకి పంపేశారు. ఒడియాలో శిమిలి అంటే బూరుగు చెట్టు, గూడ అంటే పల్లె. బూరుగు చెట్లకి కొరత లేని సీమ ఇది, ఇలాంటి పేర్లు ఒకటికి రెండుండడంలో వింతేముంది. ఆ మూట అక్కడ పద్నాలుగు రోజులు పడుంటే చివరికి మా తమ్ముడు బండేసుకుని వెళ్లి తెచ్చాడు. అడ్రసులో జిల్లా పేరు రాయకపోవడం నా పొరపాటు. ఇప్పుడు "అల్లూరి సీతారామరాజు జిల్లా, ఆంధ్రప్రదేశ్" అని ఎర్ర పెన్నుతో రాస్తున్నాను. అదే వానల్లో వేపిన రెండు వాయిలు కాస్త ముక్క వాసన వచ్చాయని ఐదుగురు చెప్పారు. వాళ్లకి డబ్బు వెనక్కి ఇచ్చేశాను. ఇంకెవరికైనా అలా అనిపించి మొహమాటానికి ఊరుకుని ఉంటే దయచేసి చెప్పండి, వేరే పొడి పంపుతాను.

ఇక ధర. 200 గ్రాముల ప్యాకెట్టు 260 రూపాయలు ఉండేది, వచ్చే నెల నుంచి 310. ఒక్కసారిగా యాభై అంటే ఎక్కువే. అయితే లెక్క చూడండి. కిలో పచ్చ గింజలు రావాలంటే సుమారు ఆరు కిలోల పండు కాయలు కోయాలి. ఆ కిలో వేపితే తేమ పోయి 850 గ్రాములు కూడా మిగలవు. 2024 నుంచి అరబికా ధర బాగా ఎక్కింది, రైతుకి మంచి రేటు వస్తోంది, రావాలి కూడా. వాళ్ల దగ్గర గీచి గీచి బేరమాడి మీకు పాత ధరకే ఇస్తానని నేను చెప్పలేను. 2025లో అరకు తోటల్లో కాయ తొలిచే పురుగు కనబడింది. ఆ ఊళ్ల రైతులకి తోట శుభ్రం చేసుకోవడం, రాలిన కాయలు ఏరడం అదనపు పని. చికోరీ కలిపి ధర తగ్గించమని కొందరు అడుగుతున్నారు. చికోరీ కలిపిన పొడి విడిగా, పేరు రాసి, 190కి ఇస్తాను. ఇందులో మాత్రం కలపను.

కవరు సంగతికి వద్దాం. పాతవి ఇంకా 1,100 దాకా మిగిలి ఉన్నాయి. ఒక్కోటి నాలుగు రూపాయల పైన పడింది, పారేయడానికి చేతులు రావడం లేదు. అచ్చులో దిద్దడం కుదరదు. నాన్నే ఒక ఉపాయం చెప్పాడు. శృంగవరపుకోటలో "మాజీ" అని ఒక రబ్బరు స్టాంపు చేయించాం, నూట ఇరవై రూపాయలు. "దేశంలోకెల్లా" అన్న మాటకి ముందున్న ఖాళీలో ఎర్ర సిరాతో అది కొడుతున్నాం. పదవి పోయిన పెద్దమనుషుల పేర్ల ముందు కూడా అదే ఉంటుంది, ఎవరూ తక్కువగా చూడరు అన్నాడు నాన్న. కొత్త కవర్లు వచ్చాక రైలు బొమ్మ అలాగే ఉంటుంది, కింద "శిమిలిగుడ, 996.32 మీటర్లు" అని మాత్రమే ఉంటుంది. స్టాంపు కొట్టిన మొదటి ప్యాకెట్టు జవాను తమ్ముడికి ఊరికే పంపాను.

ఈ వారం ఆర్డర్లు గురువారం సాయంత్రం లోపు ఇవ్వండి, శుక్రవారం సంత రోజు బస్సులో చోటు దొరకదు కాబట్టి శనివారం పంపుతాను. పాత ధర ఈ నెలాఖరు దాకా. స్టాంపు కొట్టేది నాన్న. చెయ్యి కాస్త వణుకుతుంది కాబట్టి మీ కవరు మీద "మాజీ" వంకరగా పడితే సర్దుకోండి.