మత్స్యకారుల విడుదల బేరసారం కారాదు

గౌరవనీయులైన సంపాదకులకు,

ఏటా జనవరి 1న, జూలై 1న భారత్, పాకిస్థాన్ తమ జైళ్లలో ఉన్న ఎదుటి దేశపు ఖైదీల, మత్స్యకారుల జాబితాలను ఇచ్చిపుచ్చుకుంటాయి. ఖైదీలను వారి దేశపు దౌత్యాధికారులు కలిసే వీలు కల్పిస్తూ 2008 మే 21న కుదిరిన కాన్సులర్ ఒప్పందం ప్రకారం జరిగే పని ఇది. పత్రికల్లో ఆ వార్త నాలుగు వరుసలకు మించదు గాని, మా ఎచ్చెర్ల మండల తీరంలో దానికోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసిన ఇళ్లు నాకు తెలుసు.

ఇక్కడ జెట్టీ లేక, నాటుపడవల వేటతో ఇల్లు గడవక, మనవాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్లి పరాయి బోట్లలో కళాసీలుగా పనిచేస్తారు. 2018 నవంబరులో అలా పాక్ గస్తీ దళాలకు చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారిలో 20 మంది పదమూడు నెలలు దాటాక, 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగివచ్చారు. ఆ మధ్యకాలంలో కరాచీ జైలు నుంచి ఒక కొడుకు రాసిన ఉత్తరాన్ని వాళ్లమ్మకు నేనే చదివి వినిపించాను. బాగున్నానని, పిల్లను బడి మానిపించవద్దని మాత్రమే అందులో ఉంది. ఆమె మళ్లీ మళ్లీ చదివించుకున్నది పైన వేసిన తేదీని. అప్పటికి అది రెండు నెలల పాతది.

గుజరాత్‌కు, పాకిస్థాన్‌లోని సింధ్‌కు మధ్యనున్న సముద్రపు పాయ సర్ క్రీక్ దగ్గర హద్దు ఎక్కడో రెండు ప్రభుత్వాలూ దశాబ్దాలుగా తేల్చుకోలేదు. వాళ్లకే తేలని గీతను, గాలికి కొట్టుకుపోయే బోటులోని కూలీ చీకట్లో గుర్తుపట్టి ఆగాలనడం ఏ న్యాయం? ఉభయదేశాలూ ఆమోదించిన 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం, 73వ అధికరణంలో, తీరదేశానికి చేపల వేటపై హక్కులుండే సముద్ర ప్రాంతమైన ప్రత్యేక ఆర్థిక మండలిలో చేపల వేట నిబంధనలు మీరినవారికి, దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప, జైలుశిక్ష వేయరాదని చెబుతోంది. తీరానికి మరింత దగ్గరగా ఉండే ప్రాదేశిక జలాల్లోకి చొరబడ్డారన్న కేసుకు ఇది వర్తించదని అనవచ్చు. అంతమాత్రాన పొట్టకూటికి వలవేసినవాణ్ని నెలల తరబడి నిర్బంధించడం ధర్మమైపోదు.

2019 ఏప్రిల్‌లో పాకిస్థాన్ సుహృద్భావ సూచకంగా 360 మంది భారతీయులను విడిచిపెట్టింది. సంతోషమే. కాని దౌత్య వాతావరణాన్ని బట్టి తెరుచుకునే తలుపు వెనుక మనిషిని ఉంచడమంటే, అతని స్వేచ్ఛను బేరపు సరుకుగా వాడుకోవడమేనని నా అభిప్రాయం. పాక్ జాలరులు మన జైళ్లలోనూ ఉన్నారు గనుక ఈ మాట మనకూ తగులుతుంది. వాళ్ల తల్లులూ తేదీలే వెతుక్కుంటూ ఉంటారు.

శిక్ష పూర్తయి జాతీయత నిర్ధారణ అయినవారిని నెలలోగా స్వదేశానికి పంపాలని 2008 ఒప్పందమే చెబుతోంది. ఖైదీల బాగోగులు చూడవలసిన విశ్రాంత న్యాయమూర్తుల ఉమ్మడి కమిటీ 2013 తర్వాత సమావేశం కాలేదు. దాన్ని పునరుద్ధరించాలని, ఎదుటివారు ఎందరిని వదిలారో లెక్క చూడకుండా మన ప్రభుత్వమే ముందుగా అర్హులైన పాక్ జాలరులను పంపివేయాలని, జాబితా అందిన రోజే అందులోని మనవాళ్ల వివరాలను మత్స్యశాఖ ద్వారా వారి ఇళ్లకు చేరవేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఎచ్చెర్ల మండలం, శ్రీకాకుళం జిల్లా