తొంభయ్యో స్తంభం దగ్గర నిమ్మకాయ

అనంతపురం జిల్లా
14 డిసెంబరు 2025

పాపా,

బాగున్నావా? పోయిన ఆదివారం ఫోన్లో నువ్వు అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. "నాయనా, సూర్యుడు ఎంత దూరం?" అన్నావు. "15 కోట్ల కిలోమీటర్లు" అన్నాను. "అది పుస్తకంలోనే ఉంది. ఎంత దూరం అని అడుగుతాండా" అన్నావు. అంతలో నీ వెనక లైన్లో ఉన్న పిల్ల వంతు వచ్చింది, ఫోన్ పెట్టేశావు.

ఆ మాట వారమంతా నన్ను వదల్లేదు. ఇరవై రెండేళ్లుగా స్తంభాలెక్కుతున్నాను. దూరమంటే నాకు స్తంభాల లెక్కే. ఫలానా బోరు ఎంత దూరమన్నా అని ఎవరైనా అడిగితే ఏడు స్తంభాలు అంటాను, వాళ్లకీ అర్థమైపోతుంది. 15 కోట్ల కిలోమీటర్లు మాత్రం, నిజం చెప్పాలంటే, నాకూ అర్థం కాలేదు. అందుకని నిన్న నేనూ చిన్నోడూ కలిసి సూర్యుణ్ణీ గ్రహాలనూ మన రోడ్డు మీద పరిచి చూశాం.

సబ్‌స్టేషన్ గేటు నుంచి రోడ్డు పక్కనే పోయే 11 కేవీ లైను నీకు తెలుసు కదా. అందులో స్తంభాలు దగ్గర దగ్గరగా వేశారు, ఒకదానికీ ఇంకోదానికీ 50 మీటర్లు. లెక్క ఇలా పెట్టుకున్నాం: వెయ్యి కిలోమీటర్లు ఒక మిల్లీమీటరు. అంటే పది లక్షల కిలోమీటర్లు ఒక మీటరు. గ్రహాల సైజుకీ ఇదే, మధ్యలో దూరానికీ ఇదే. పుస్తకంలో బొమ్మ గీసేవాళ్లు గ్రహాలకి ఒక లెక్క, దూరానికి ఇంకో లెక్క వాడతారు. వాళ్లను తిట్టి లాభం లేదు, ఒకే లెక్కన గీస్తే పేజీ చాలదు. ఎంత చాలదో చూడు.

గొడ్ల కొట్టం వెనక మీ తాత ఎద్దులబండి చక్రం పడి ఉంది. టేపు పెట్టి చూస్తే మీటరు 40 సెంటీమీటర్లు. సూర్యుడి అడ్డుకొలత దాదాపు 14 లక్షల కిలోమీటర్లు, అచ్చంగా సరిపోయింది. దొర్లించుకుంటూ తీసుకుపోయి గేటుకి ఆనించాం. లోపల డ్యూటీలో ఉన్న ఆపరేటరు చూసి "ఏమన్నా, సూర్యునికి కూడా ఎల్‌సీ ఇయ్యాల్నా?" అని ఒకటే నవ్వు. ఎల్‌సీ అంటే లైను మీద పనికి కరెంటు ఆపి మాకిచ్చే అనుమతి. సూర్యుడికి ఎవరు ఇస్తారు ఎల్‌సీ! 460 కోట్ల ఏళ్లుగా ఒక్క ట్రిప్పింగ్ లేకుండా నడుస్తున్న ప్లాంటు అది. సెకనుకు దాదాపు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ లోపల హీలియంగా మారుతూ ఉంటుంది, అందులో 40 లక్షల టన్నులు అచ్చంగా వెలుతురూ వేడీ అయి బయటికొచ్చేస్తాయి. బూడిద లేదు, పొగ లేదు.

మిగతా సామానంతా, అంటే సూర్యుణ్ణి వదిలేస్తే సౌరకుటుంబం మొత్తం, మీ అమ్మ కూరగాయల సంచిలో సగానికి వచ్చింది. దాన్ని ఎక్సెల్ బండికి తగిలించి బయలుదేరాం.

మొదటి స్తంభం దాటి ఎనిమిది మీటర్లు పోయాక బుధుడు, ఒక కందిగింజ. పగలు 430 డిగ్రీలు, రాత్రి సున్నాకి 180 డిగ్రీలు కింద. వేడిని పట్టి ఉంచడానికి గాలి లేదు మరి. రెండో స్తంభం దాటగానే శుక్రుడు. ఇక్కడ నాకు భలే సంతోషం వేసింది పాపా. ఒక చెనిక్కాయ ఒలిస్తే రెండు గింజలొచ్చాయి, ఒకటి శుక్రుడు, ఇంకోటి భూమి. కొలతలో ఆ రెండూ నిజంగానే ఒకే కాయలో గింజల్లాంటివి. గుణంలో మాత్రం పొంతన లేదు. శుక్రుడి మీద 465 డిగ్రీలు. సూర్యుడికి అంత దగ్గరున్న బుధుడి కంటే ఎక్కువ! కారణం కార్బన్ డయాక్సైడ్. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం నాలుగు కంబళ్లు కప్పుకుని కూర్చున్నట్టుంటుంది అక్కడ. పైగా వెనక్కి తిరుగుతాడు, ఎంత నిదానమంటే, తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి 243 రోజులు, సూర్యుడి చుట్టూ తిరిగి రావడానికి 225 రోజులే.

మూడో స్తంభం. మన గింజ. వెనక్కి తిరిగి చూడమన్నాను చిన్నోణ్ణి. 150 మీటర్ల అవతల గేటు దగ్గర బండి చక్రం ఎంత కనబడిందో, ఆకాశంలో సూర్యుడు కూడా అంతే కనబడతాడు. అదీ నువ్వడిగిన దూరం.

ఇంకో రకంగా కూడా కొలిచాం. వెలుతురు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. మన లెక్కలో అది 30 సెంటీమీటర్లు, అంటే సెకనుకు ఒక అడుగు. గేటు దగ్గర మొదలుపెట్టి మడమకు వేలు ఆనించి సెకనుకో పాదం చొప్పున నడిచాను. చిన్నోడు ఫోన్లో టైం పట్టాడు. మూడో స్తంభం చేరేసరికి ఎనిమిది నిమిషాలు దాటింది. దారిన పోయేవాళ్లు నాకు ఏదో మొక్కుబడి ఉందనుకున్నారు.

చంద్రుడికి జొన్నగింజ పెట్టాను, చెనిక్కాయ గింజకి 38 సెంటీమీటర్ల దూరంలో. మూరెడు కూడా లేదు. మనుషులు ఇప్పటిదాకా పోయింది ఆ మూరెడు దూరమే. 1969 నుంచి 1972 లోపు దాని మీద అడుగుపెట్టినవాళ్లు పన్నెండు మంది. చంద్రయాన్-3 దిగిన రోజు గుర్తుందా, 2023 ఆగస్టు 23? సాయంత్రం ఆరు గంటలకి ఊరంతా టీవీల ముందుంది. మేము మాత్రం ఆ అరగంటలో ఊరికి కరెంటిచ్చే ఫీడరు ట్రిప్ కాకుండా ఉంటే చాలు దేవుడా అని బ్రేకరు దగ్గర నిలబడ్డాం. ల్యాండరు దిగడం నేను చూడలేదు, ఊళ్లో కేకలు వినే దిగిందని తెలిసింది. మన ఆదిత్య-ఎల్1 ఉపగ్రహం ఇంకొంచెం దూరం పోయింది, 15 లక్షల కిలోమీటర్లు. మన రోడ్డు మీద గింజ నుంచి చక్రం వైపు మీటరున్నర. సూర్యుణ్ణి చూడటానికి పోయి మీటరున్నర దగ్గర ఆగిందేమిటి అన్నాడు చిన్నోడు. అక్కడ ఉంటే భూమితో పాటే ఏడాదికి ఒక చుట్టు తిరుగుతుంది, ఏ గ్రహణమూ అడ్డురాదు.

ఎండాకాలంలో సూర్యుడు దగ్గరికొస్తాడని నువ్వు చిన్నప్పుడు అనేదానివి. నేనూ అనుకునేవాణ్ణి. నిజానికి జనవరి మొదట్లో మనం సూర్యుడికి బాగా దగ్గరగా ఉంటాం, 147 మీటర్లు. కంబళ్లు కప్పుకునేది అప్పుడే! జులైలో 152. ఎండ తేడా ఈ నాలుగైదు మీటర్ల వల్ల కాదు, భూమి 23.5 డిగ్రీలు వాలి తిరగడం వల్ల. మన దగ్గర ఏప్రిల్ నెలాఖరున ఒకటి రెండు రోజులు, మధ్యాహ్నం పన్నెండుంబావు ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికొస్తాడు. స్తంభానికి నీడ ఉండదు, దాని మొదట్లోనే దాక్కుంటుంది. మా పనిలో ఉన్నవాడికి ఆ రోజు మర్చిపోవడం కష్టం, కాసేపు నిలబడదామన్నా నీడ దొరకదు. ఆగస్టులో ఇంకోసారి అలాగే వస్తుంది, కానీ అప్పుడు మబ్బులు.

నాలుగో స్తంభానికీ ఐదో స్తంభానికీ మధ్యలో అంగారకుడు, ఒక పప్పుశెనగ గింజ. దాన్ని మన ఎర్రమట్టిలోనే గుచ్చాను, ఎందుకంటే రెండింటి ఎరుపుకీ కారణం ఒకటే, మట్టిలో ఇనుము తుప్పు. 2014లో మంగళయాన్ చేరింది ఇక్కడికే. అక్కడ 20 కిలోమీటర్లు దాటిన ఎత్తున్న కొండ ఒకటి ఉంది, ఒలింపస్ మాన్స్. ఫోబోస్ అనే చిన్న చందమామ రోజుకు మూడు చుట్లు కొడుతుంది, అంగారకుడి మీద నిలబడి చూస్తే పడమర పుట్టి తూర్పున అస్తమిస్తుంది. ఎనిమిదో స్తంభం దగ్గర ఒక ఆవగింజ వేశాను సెరెస్ పేరు మీద. ఆ చుట్టుపక్కల లక్షల సంఖ్యలో రాళ్లు తిరుగుతుంటాయి, వాటన్నిటిలో పెద్దది ఇదే.

అక్కడి నుంచి బండి స్టార్ట్ చేశాం. పది, పన్నెండు, పద్నాలుగు. చింతచెట్టు దాటాం, చీనీ తోట దాటాం. సంచిలోంచి ఏమీ తీయలేదు. "నాయనా, ఇంకా రాలేదా" అంటాడు వీడు. పదిహేనో స్తంభం దాటాక వచ్చాడు గురుడు, 14 సెంటీమీటర్ల కర్బూజా. ఈ కాలంలో కర్బూజా ఏంటని పండ్ల బండివాడు గట్టిగానే తీసుకున్నాడు. మిగతా గ్రహాలన్నీ ఒక తట్టలో వేసి తూచినా గురుడు వాటికి రెండున్నర రెట్లు తూగుతాడు.

2020లో తుంగభద్ర పుష్కరాలకి కర్నూలు పోయాం, గుర్తుందా? కరోనా అని నదిలో మునగనివ్వలేదని నువ్వు అలిగావు. ఆ పుష్కరాలు తెచ్చింది ఈ కర్బూజానే. సూర్యుడి చుట్టూ ఒక చుట్టు తిరగడానికి గురుడికి దాదాపు 12 ఏళ్లు, రాశికి ఒక ఏడాది. మకరంలోకొస్తే తుంగభద్రకి, కన్యలోకొస్తే కృష్ణకి. టెలిస్కోపు లేని కాలంలో మనవాళ్లు కళ్లతో చూసి కట్టిన లెక్క. దాని చందమామలు మాత్రం కళ్లకు దొరకలేదు. 1610 జనవరిలో గెలీలియో దుర్భిణిలో చూసేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ నాలుగింటినీ కర్బూజా చుట్టూ రెండు మీటర్లలోపే పెట్టేశాం. దగ్గర్లోది అయో, అగ్నిపర్వతాల మయం. తర్వాత యూరోపా, పైన మంచు, ఆ కింద సముద్రం ఉందంటున్నారు. మూడోది గానిమీడ్, బుధుడి కంటే పెద్దది! కందిగింజ కంటే లావుది ఏరి పెట్టాల్సి వచ్చింది. చివరిది కలిస్టో.

తర్వాత పదమూడు స్తంభాలు ఏమీ లేవు. ఇరవై ఎనిమిది దాటాక శని. స్టీలు పళ్లెంలో దానిమ్మకాయ. పళ్లెం 28 సెంటీమీటర్లు, వలయాల వెడల్పు అచ్చంగా అంతే. మందం మాత్రం చాలాచోట్ల పదుల మీటర్లే అట, మన లెక్కలో ఉల్లిపొర కూడా దాని ముందు దుప్పటి. అంతా మంచుగడ్డలు. శనికి చందమామలు 2025 మార్చిలో కొత్తగా 128 కలిపితే 274 అయ్యాయి. నేను ఒక్క టైటన్‌నే పెట్టాను. దాని మీద మీథేన్ చెరువులున్నాయి, 2005 సంక్రాంతి రోజుల్లో హైగెన్స్ అనే యంత్రం దిగి ఫొటోలు పంపింది.

ముందురోజు రాత్రి ఈ పళ్లెం సర్దుతుంటే అవ్వ చూసి "శనిని ఇంట్లో పెట్టుకుంటారేమిరా" అని వరండాలో పెట్టించింది. ఏల్నాటి శని ఏడున్నరేళ్లే ఎందుకో తెలుసా? శని ఒక చుట్టుకి 29న్నర ఏళ్లు. పన్నెండు రాశులకి పంచితే రాశికి రెండున్నర, మూడు రాశులకి ఏడున్నర. శనైశ్చరుడంటేనే మెల్లగా నడిచేవాడని. లెక్క చక్కటిదే. భయం మాత్రం నాకు లేదు, ఈ సంగతి అవ్వకు చెప్పద్దు.

57వ స్తంభం దాటి యురేనస్, 90వ స్తంభం దగ్గర నెప్ట్యూన్. రెండూ నిమ్మకాయలే. నవగ్రహాల్లో వీళ్లు లేరు, మామూలుగా కంటికి ఆనరు కాబట్టి. యురేనస్‌ని 1781లో విలియం హెర్షెల్ పట్టుకున్నాడు. పక్కకి ఒరిగి దొర్లుతున్నట్టు తిరుగుతుంది. నెప్ట్యూన్ కథ మాత్రం నాకు మా డ్యూటీలా అనిపించింది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర లోడుకీ మీటర్ల లెక్కకీ తేడా వస్తే ఏం చేస్తాం? ఎక్కడో దొంగ కనెక్షన్ ఉందని పసిగడతాం, తేడాని బట్టి ఏ వీధో కూడా చెప్పేస్తాం. యురేనస్ నడక లెక్కకి సరిపోవడం లేదు, ఎవరో అవతలి నుంచి లాగుతున్నారు అనుకున్నాడు ఫ్రాన్సులో లవెరియే. కాగితం మీదే చోటు లెక్కకట్టి బెర్లిన్‌కి రాశాడు. 1846 సెప్టెంబరు 23 రాత్రి గాలే అనే ఆయన టెలిస్కోపు అటు తిప్పితే, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే దొరికింది. ఇంట్లో కూర్చుని దొంగ కరెంటు కొండీ పట్టుకున్నట్టే!

మన లైన్లో స్తంభాలు 96. ప్లూటో సగటు దూరం చూస్తే 118వ స్తంభం దగ్గర ఉండాలి. "అయితే ప్లూటోకి కరెంటు లేదు" అని తేల్చేశాడు చిన్నోడు. 2006లో దాన్ని గ్రహాల జాబితాలోంచి తీసేసినప్పుడు చెప్పిన కారణం కంటే ఇదే నయం.

1977లో అంతరిక్షంలోకి పంపిన వాయేజర్-1 అనే యంత్రం ఇంకా పోతూనే ఉంది. ఇప్పుడు 2,500 కోట్ల కిలోమీటర్లు దాటింది, అంటే మన లెక్కలో 25 కిలోమీటర్లు. బస్సెక్కితే అనంతపురం టవర్ క్లాక్. మనిషి చేసిన వస్తువుల్లో అన్నిటికంటే దూరం పోయింది 48 ఏళ్లలో టవర్ క్లాక్ దాకా! "మరి ఇంకో నక్షత్రం?" అన్నాడు వీడు. రాత్రి కూర్చుని లెక్కేశాను. అన్నిటికంటే దగ్గరిది ప్రాక్సిమా, 40 వేల కిలోమీటర్లు వచ్చింది. భూమి చుట్టుకొలతే అంత. ఈ సబ్‌స్టేషన్ గేటు దగ్గర బయలుదేరి భూమిని ఒక చుట్టు చుట్టి మళ్లీ ఇదే గేటుకొస్తే, అక్కడ ఒక పుచ్చకాయ. మధ్యలో చెప్పుకోవడానికి ఏమీ లేదు.

సంక్రాంతి సెలవులకి వస్తావు కదా. ఈ జనవరిలో గురుడు చీకటి పడేసరికి తూర్పున ఉంటాడు, రాత్రంతా కనబడతాడు. శని పడమటి వైపు తొందరగా దిగిపోతాడు, అన్నం తినకముందే చూడాలి. శుక్రుడూ అంగారకుడూ ఇప్పుడు సూర్యుడికి అవతలి వైపున్నారు, దొరకరు. ఊళ్లో లైట్లు అడ్డమైతే చెప్పు, లైను ఆపే ఏబీ స్విచ్ నా చేతిలోనే ఉంది అని నేను అనకూడదు కానీ అంటున్నాను.

నువ్వొచ్చేసరికి రోడ్డు మీద ఏమీ మిగలదు. ఈ పొద్దున పోయి చూస్తే గురుణ్ణి మేకలు తినేశాయి, భూమినీ శుక్రుణ్ణీ ఉడుత ఎత్తుకుపోయింది. బండి చక్రం గేటు దగ్గరే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. శని పళ్లెం మాత్రం తెచ్చేశాను, మీ అమ్మ నిన్నటి నుంచి అడుగుతోంది.

మీ నాయన