కిరణ్‌కు, ఆ తెల్ల లాన్సరు సంగతి

చిరంజీవి కిరణ్‌కు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ క్షేమమే అనుకుని రాస్తున్నాను, అనుకోవడం తప్ప మాకు వేరే దారి ఉంచలేదు కాబట్టి. వాట్సాప్‌లో పెడితే నీలం టిక్కులు పడతాయిగానీ జవాబు రాదు. అందుకని కాగితం మీద రాసి, చిట్టి చేత ఫొటోలు తీయించి పంపిస్తున్నాను. నువ్వు ఫోన్ చెయ్యలేదని రాస్తున్నది కాదు. పనుల్లో ఉంటావు, తెలుసు. కారు గురించి నాలుగు ముక్కలు చెబుదామని, అంతే.

పద్మత్త వాళ్ళ వాసు ఎవరిదో స్టేటస్‌లో చూశాడట. మిత్సుబిషి వాళ్ళ తెల్ల లాన్సరు, వెనక పెద్ద రెక్క, పక్కన నువ్వు. నాక్కూడా చూపించాడు. నంబరు ప్లేటు బంపరు మధ్యలో కాకుండా ఓ పక్కకి ఉంది. ఫాగ్ ల్యాంపులు చిన్నవై మూలలకి పోయాయి. చూడగానే ఎవొల్యూషన్ సిక్స్, ర్యాలీల కోసం చేసిన లాన్సరు అని చెప్పేశాను. ముందు నుంచి గాలి బాగా లోపలికి రావాలని ఆ మోడల్‌కి అలా జరిపారు. వాసు నోరు తెరిచాడు. మెకానిక్ షెడ్డు మూసి ఇన్నేళ్ళయినా కళ్ళు బాగానే పనిచేస్తున్నాయిరా. ఆ ఫొటోలో నీ ఎడమ చేతికి తెల్లగా ఏదో ఉంది. గ్లవ్ అంది మీ అమ్మ. సరే, గ్లవ్వే అయ్యుంటుంది.

వాసు చెప్పిన ధర నేనిక్కడ రాయను, మీ అమ్మ ఈ కాగితం చదువుతుంది. నీ డబ్బు, నీ ఇష్టం. 1999 బండి కాబట్టే దాన్ని అమెరికాలోకి రానిచ్చారు. 25 ఏళ్ళు నిండిన బండికి అక్కడి భద్రతా నియమాలు వర్తించవు కదా. నియమం వర్తించదంటే ప్రమాదం లేదని కాదు. పరీక్ష రాయకుండానే పాసైన బండి అది, ఆ మాట మనసులో పెట్టుకో.

లాన్సరు మనకి కొత్తా ఏమిటి. 1998లో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు మద్రాసు పక్కన తిరువళ్ళూరులో మొదలుపెట్టారు. నీ బారసాలకి డాక్టరు గారు వచ్చింది అందులోనే, వాకిట్లో పెడితే వీధి వీధంతా వచ్చి చూసింది. అది ఒకటిన్నర లీటరు ఇంజను, బలం ముందు చక్రాలకే. జపాన్‌లో ఎవొల్యూషన్ ఫోర్, ఫైవ్, సిక్స్ చేసింది కూడా ఆ తరం లాన్సరు బాడీ మీదే. తలుపు తట్టి చూస్తే ఒకటే చప్పుడు. కానీ లోపల రెండు లీటర్ల టర్బో, నాలుగు చక్రాలకీ బలం, ఫైవ్ నుంచి బ్రెంబో కంపెనీ బ్రేకులు, ఫెండర్లు ఉబ్బించి వెడల్పు 1,770 మిల్లీమీటర్లు. పేరొక్కటే, బండి వేరు.

ఎందుకలా అంటే, అది బయటి దేశాల్లో అమ్ముదామని చేసిన బండి కాదు. ర్యాలీలో పరిగెత్తాలంటే అలాంటివి 2,500 చేసి జనానికి అమ్మాలని అప్పటి రూలు. అందుకని 1992లో మొదటిది చేసి జపాన్‌లోనే అమ్మారు. ఆ తర్వాత 1996 నుంచి వరసగా నాలుగేళ్ళు మిత్సుబిషి డ్రైవరు టామీ మాకినెన్ ప్రపంచ ర్యాలీ టైటిల్ కొట్టేసరికి బయటి దేశాల వాళ్ళు మాకూ కావాలన్నారు. ఇంటికోసం చేసింది కాబట్టి ఇంటి రూళ్ళే అందులో ఉంటాయి. గంటకి 180 కిలోమీటర్లకి కళ్ళెం, మీటరు అంకెలు కూడా అక్కడికే. 280 హార్స్‌పవర్ అని కాగితం మీద. 1989 నుంచి 2004 దాకా జపాన్ కంపెనీలన్నీ 280కి మించి రాయకూడదని తమలో తాము పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నాయి. లోపల ఎంత ఉందో చేసినవాడికే ఎరుక. అదే రెండు లీటర్ల ఇంజను మీద ఇంగ్లండులో 2004లో 405 హార్స్‌పవర్ బండి అమ్మారు. దానికి 4,500 మైళ్ళకోసారి సర్వీసు. అంత బలం ఎవడూ ఊరికే ఇవ్వడు.

జపాన్‌ది ఎప్పుడూ గొప్పది, బయటికి పంపింది ఎప్పుడూ తక్కువది అని మీ కుర్రాళ్ళు అనుకుంటారు. అదీ పూర్తి నిజం కాదు. సుబారు కంపెనీ ఎస్టీఐ కారు చూడు. జపాన్‌లో రెండు లీటర్లు, 280. అమెరికాకి 2004 మోడల్‌గా పంపినదానికి రెండున్నర లీటర్లు, 300. జపాన్‌లో రోడ్డు పన్ను ఇంజను సైజుని బట్టి ఉంటుంది, రెండు లీటర్లు దాటితే మెట్టు ఎక్కినట్టే. అమెరికాలో ఆ బాధ లేదు, కింది గేర్లలో లాగేది కావాలి. ఎవరి రోడ్డుకి తగ్గట్టు వాళ్ళకి చేశారు. లాన్సరుది మాత్రం నిజమే, కోత పెట్టారు. 2003లో అమెరికాకి మొదటిసారి వచ్చిన ఎవొల్యూషన్ ఎయిట్‌కి 271 హార్స్‌పవరే, ఆరు గేర్లకి బదులు అయిదు, మలుపులో వెనక చక్రాలకి బలం పంచే ఏవైసీ తీసేశారు. అయినా నన్నడిగితే, నువ్వు అడగలేదనుకో, నీకు ఆ ఎయిట్ బాగుండేది. ఎడమ చేతి స్టీరింగు. అక్కడి పెట్రోలుకే సెట్ చేసిన ఇంజను. 17 అంకెల నంబరు, ఇన్సూరెన్సు వాడి కంప్యూటరు గొడవ పెట్టదు. నీ దానికి ఆ 17 అంకెలు ఉండవు.

పెట్రోలు మాట వచ్చింది కాబట్టి భీమవరం రాజుగారి సంగతి చెప్పాలి. నీకు చెప్పానో లేదో. చెప్పినా మళ్ళీ విను. 2001 ప్రాంతం. రాజుగారికి రొయ్యలు బాగా కలిసొచ్చిన రోజులు. తెల్ల లాన్సరు కొన్నారు, మనదే, ఒకటిన్నర లీటరుది. ఆయన కొడుకు టీవీలో ర్యాలీ చూసి, నాన్నా మన బండి కూడా అదే కదా అన్నాడు. ఎవరో మద్రాసులో హాఫ్ కట్ దొరుకుతుందన్నారు. జపాన్‌లో పాత బండిని తలుపుల దగ్గర అడ్డంగా కోసి, ముందు సగం ఇంజనుతో సహా తుక్కు కింద ఓడలో పంపేవారు. అలా ఒక ఎవొల్యూషన్ ముందు సగం లారీ మీద ఆటోనగర్‌లో మన షెడ్డుకి దిగింది. వైర్లు కత్తిరించి వేలాడుతున్నాయి, కంప్యూటరు పెట్టె గుడ్డలో చుట్టి సీటు మీద విడిగా ఉంది. మన షెడ్డులో పనిచేసే మస్తాన్ దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, ఇంజను మనం ఎక్కిస్తాం గానీ ప్రాణం ఎవరు పోస్తారు మేస్త్రీ అన్నాడు. ప్రాణం పొయ్యడానికి మద్రాసు నుంచి ట్యూనరు వచ్చాడు, నల్లకళ్ళద్దాల కుర్రాడు. నేను అడిగింది ఒక్కటే. బాబూ, జపాన్‌లో ఈ బండికి పోసే పెట్రోలు 100 ఆక్టేన్ దగ్గర ఉంటుంది, మన బంకులో మామూలుది 88 ప్రాంతం, టర్బో ఒత్తిడి తగ్గించావా అని. జపాన్ ఇంజనండీ, ఏం కాదు అన్నాడు. వినేవాడికి చెప్పొచ్చు.

స్టార్ట్ అయింది. మాట చెప్పాలంటే, ఆ చప్పుడు నాకిప్పటికీ ఇష్టమే. రాజుగారు అందరికీ మిఠాయి పంచారు. ఆయన కొడుకు బండి తీసుకుపోయాడు. ఆక్సిలరేటరు గట్టిగా తొక్కితే ఇంజనులోంచి చిన్న చప్పుడు, ఇడ్లీ పాత్ర మరుగుతుంటే మూత అదిరినట్టు. నాకింగ్ అది. టర్బో గాలిని కుక్కి వేడెక్కిస్తుంది, తక్కువ ఆక్టేన్ పెట్రోలు ఆ వేడికి ఆగలేక మంట తన దాకా రాకముందే పేలుతుంది. పాటలు పెట్టుకుని పోతుంటే అది వినపడదు. ఉండి దాటాక తెల్ల పొగ. మళ్ళీ లారీ మీద షెడ్డుకే వచ్చింది. హెడ్ దింపితే మూడో పిస్టను అంచు కరిగిపోయి ఉంది, రింగు కూర్చునే గాడి విరిగి గోడని గీరేసింది. ఆయిలు వడగడితే అల్యూమినియం పొడి మెరుస్తోంది. మస్తాన్ ఆ పిస్టను చాలా రోజులు పేపర్‌వెయిట్‌గా వాడాడు. రాజుగారు కోప్పడలేదు. జపాన్‌లో లక్ష కిలోమీటర్లు తిరిగింది కదండీ, మన దగ్గరికొచ్చి నెల ఆగలేదేం అని అడిగారు. మళ్ళీ మన ఒకటిన్నర లీటరు ఇంజనే ఎక్కించాం, అది ఆయన తమ్ముడి దగ్గర ఎన్నో ఏళ్ళు నడిచింది. ఇంకో మాట, రాజుగారి కొడుక్కి ఏమీ కాలేదు, మోచెయ్యి కొట్టుకుపోయిందంతే. అయినా వాళ్ళమ్మగారికి వారం దాకా చెప్పలేదు. ఆవిడకి మొదటిరోజే తెలుసు.

నీకు అంత కష్టం లేదు. మీ కొలంబస్‌లో 93 ఆక్టేన్ అని దొరికేది జపాన్ లెక్కలో 98 దగ్గరికి వస్తుంది. అదే పొయ్యి, 91 పొయ్యకు. నాలుగు డాలర్ల దగ్గర పొదుపు చెయ్యకు. ఇంకా, హెడ్‌లైట్లు మార్పించావా? జపాన్ వాళ్ళూ మనలాగే ఎడమ పక్క నడుస్తారు, అందుకని డిమ్ పెడితే వెలుతురు ఎడమ వైపు పైకి లేస్తుంది. అమెరికాలో ఎడమ వైపు నుంచి వచ్చేది ఎదుటి బండి. వాడి కళ్ళలో కొడతావు. రాత్రిళ్ళు తిప్పుతున్నావని వాసు అన్నాడు, నేను నమ్మలేదు. మీటరు కిలోమీటర్లలో ఉంటుంది, 65 మైళ్ళని బోర్డు ఉంటే ముల్లు 105 దగ్గర ఉండాలి, స్టిక్కరు అంటించుకో. రెండు లైన్ల రోడ్డులో లారీ వెనక పడితే కుడి వైపు కూర్చున్నవాడికి ముందు ఏం వస్తుందో కనపడదు. పక్కన మనిషి ఉంటే తప్ప ఓవర్‌టేక్ చెయ్యకు. కుడి స్టీరింగంటే గేరు ఎడమ చేత్తో మార్చాలి కూడా. ఎడమ చెయ్యి బాగా ఉన్నవాడికి అది కష్టమేమీ కాదు.

రేడియో గురించి బెంగ పడకు. ఆ కాలపు జపాన్ బండి రేడియోలో ఎఫ్ఎం 76 నుంచి 90 దాకానే. అమెరికాలో ఆ అడుగు భాగం చదువుల స్టేషన్లకీ పబ్లిక్ రేడియోకీ కేటాయించారు, కాబట్టి నీకు ఎక్కువగా వార్తలూ చర్చలే వస్తాయి. మంచిదే.

చలికాలం ఆ కారు బయటికి తియ్యకు, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. మీ దగ్గర మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లుతారు. జపాన్‌కని చేసిన బండికి కింద రక్షణ పూత పల్చన. నీది జీఎస్ఆర్ అనే రకం అయితే ఏవైసీ వెనక చక్రాల మధ్య కిందే ఉంటుంది, తుప్పు పట్టకుండా చూసుకో. ఆర్ఎస్ అనే రకం అయితే మామూలుగా ఏవైసీ ఉండదు, ఏబీఎస్ కూడా ఉండదు, ర్యాలీ వాళ్ళకని బోడిగా ఇచ్చేవారు. ఏది కొన్నావో వాసుకి తెలియదు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే, మీటరు ఎంత చూపించినా సరే, ముందు మార్పించు. అది తెగితే వాల్వులు పిస్టన్ల మీద పడతాయి. పక్కనున్న బ్యాలెన్స్ షాఫ్ట్ చిన్న బెల్టు కూడా మార్చమను, చాలామంది మర్చిపోతారు. మీటర్లు తిప్పేవాళ్ళు సముద్రానికి అటూ ఉంటారు, ఇటూ ఉంటారు. జపాన్ వేలంలో బండి పరిస్థితి రాసి ఇచ్చిన షీటు అడుగు, ఆర్ అని ఉంటే దెబ్బ తిని బాగుచేసిన బండి. డబ్బు విషయం నేను ఎత్తను. తాతయ్య పొలం అమ్మి అంబాసిడర్ కొన్నప్పుడు మా నాయనమ్మ ఏమందో నీకు తెలుసు. ఈ వయసులో నాలుగు రూపాయలు పక్కన పెట్టుకోవాలి, పెద్దవాళ్ళకి అప్పుడప్పుడు మాట చెప్పాలి, అంతకంటే నేను చెప్పేదేం లేదు. గుంటూరు వాళ్ళకి ఏం చెప్పమంటావో అదీ తేల్చు, పద్మత్త రోజూ అడుగుతోంది.

ముందు ఒక పని చెయ్యి. బానెట్ ఎత్తితే ఇంజను వెనక గోడ మీద చిన్న రేకు ఉంటుంది. దాని మీద సీపీ9ఏ అని ఉండాలి. సీకే అని ఉంటే ఎవడో మామూలు లాన్సరుకి రెక్క తగిలించి నీకు అంటగట్టాడన్నమాట. ఆ రేకు ఫొటో తీసి పంపు. అక్షరాలు చిన్నవి, ఎక్కడ చూడాలో నాకు తెలియదు, ఎడమ చేతి వేలు పెట్టి చూపిస్తూ తియ్యి.

శ్రీనివాస్ వాళ్ళు వచ్చే నెల బయల్దేరుతున్నారు, ఆవకాయ, కందిపొడి, గేదె నెయ్యి పంపిస్తున్నాం. కందిపొడిలో వెల్లుల్లి వెయ్యలేదు, నీకు పడదని. అన్నం కలుపుకునేది కుడి చేత్తోనే కదా, ఇబ్బంది ఉండదులే అంటోంది మీ అమ్మ.

నాన్న